రాణీగారి తలుపు

పూర్ణా మార్కెట్టులో చేపలు కొనే అలవాటున్న వాళ్ళకి ఒకప్పుడు దేముడమ్మ గొంతు తెలియకుండా ఉండే వీలు లేదు. ఎండెక్కక ముందే గంప దించి, తడిపిన గోనె మీద కోనాం చేపల్ని తలలన్నీ ఒకవైపు వచ్చేలా పేర్చి, చెంగు నడుముకి దోపుకుని కూర్చునేది. ఆమె కూర్చున్నాక ఆ వరసలో తక్కిన గొంతులన్నీ కొంచెం తగ్గేవి.

"ఏటండీ బాబూ, అలగ మొప్పలెత్తి మరీ సూత్తన్నారు, పెల్లిసూపులేటి?"

"సగం రేటుకి ఇస్తావా?"

"ఇత్తాను. సగం సేపిత్తాను. తలకాయేపు కావాలా, తోకేపు కావాలా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవారు. బేరమాడిన పెద్దమనిషి కూడా నవ్వి, ఆమె అడిగిన రేటే ఇచ్చి వెళ్ళేవాడు. ఆ నవ్వుకి ఆమె ఎప్పుడూ చిన్నబోలేదు. అది ఆమె తెప్పించిన నవ్వు. ఆమె మీద పడిన నవ్వు కాదు. ఈ రెండింటికీ ఉన్న తేడా ఏమిటో అప్పటికి ఆమెకి తెలియదు. తెలుసుకోవలసిన అవసరం రాలేదు.

జాలారిపేట ఇళ్ళలో మగవాళ్ళ పని తెప్ప ఇసకని తాకడంతో అయిపోతుంది. పడ్డ చేపని గంపకెత్తడం, ధర చెప్పడం, అమ్మడం, అమ్మినదానితో ఇల్లు నడపడం అంతా ఆడవాళ్ళదే. మగవాడికి వల వెయ్యడం ఎలాగో, ఆడదానికి అడగడం అలాగ. దేముడమ్మ కాపరానికి వచ్చిన కొత్తలో అత్త ఆమెకి నేర్పింది ఒక్కటే మాట. "అడిగీటప్పుడు నేల సూడకే. కొనీవోడి మొకంలోకి సూసి అడుగు."

దేముడమ్మ ఇప్పటికీ బతికే ఉంది. మార్కెట్టుకి వస్తుంది. గంప దించుతుంది. కాని నేలని చూస్తూ కూర్చుంటుంది. ఎవరైనా "ఎంత?" అంటే "మీరే సెప్పండి బాబూ" అంటుంది. ఇలా ఎందుకు జరిగిందో చెబితే, చదివేవాళ్ళలో కొందరికైనా తమ ఇంట్లో ఎవరి గొంతు తగ్గిపోయిందో గుర్తుకు రావచ్చు.

స్టీలు ప్లాంటు కోసం గాజువాక అవతల ఊళ్ళు ఖాళీ చేయిస్తున్న రోజులవి. ఆ చలికాలంలో మద్రాసు నుంచి సినిమావాళ్ళు జాలారిపేట ఒడ్డుకి వచ్చారు. తీస్తున్నది పిల్లలకి చెప్పే పాత కథే. ఒక జాలరికి బంగారు చేప దొరుకుతుంది. నన్ను వదిలిపెడితే ఏమడిగినా ఇస్తానంటుంది. జాలరికి ఏమీ అక్కర్లేదు. అతని పెళ్ళానికి అన్నీ కావాలి. గుడిసె బదులు ఇల్లు, ఇంటి బదులు మేడ, మేడ బదులు కోట. చివరికి చేపకి విసుగొస్తుంది. మళ్ళీ గుడిసే మిగులుతుంది. దీన్ని మొదటినుంచి చివరిదాకా నవ్వులాటగా తీస్తున్నారు. నవ్వించడంలో పేరున్న నటి పెళ్ళాం వేషం కట్టింది.

పోర్టుకి కూలీలని తోలే గవర్రాజు ఒడ్డు మీది మనుషుల్ని కూడా సినిమాకి తోలాడు. మగవాళ్ళు వలలు లాగుతున్నట్టు నటించారు. రోజూ చేసే పనిని ఒట్టి వలతో చేయడం వాళ్ళకి భలే తమాషాగా ఉంది. ఇసకలో చెక్కలతోనూ గోనె గుడ్డతోనూ కోట కట్టారు. కోటలో అన్నీ బోలు. తలుపొక్కటే నిజం తలుపు. దళసరి చెక్క మీద నెమళ్ళు చెక్కి, బంగారు రంగు పూశారు. పొద్దుటెండ పడితే అది తెప్పల దాకా మెరిసేది.

ఒకరోజు మధ్యాహ్నం గొడుగు కింద కూర్చున్న డైరెక్టరు దగ్గరికి గవర్రాజు దేముడమ్మని తీసుకెళ్ళాడు. "ఈవిడ నోరు చూడండి సార్, మీ హీరోయిన్ని అమ్మేయగలదు" అన్నాడు. డైరెక్టరు సరదా మనిషి. నవ్వుతూ అడిగాడు.

"నీకే ఆ బంగారు చేప దొరికిందనుకో, ఏమడుగుతావమ్మా?"

దేముడమ్మ అత్త చెప్పినట్టే అతని మొహంలోకి చూసింది.

"మా ఈదికి కుళాయి అడుగుతానండి. పొద్దస్తమానం రానక్కర్లేదు. ఒక పూటొచ్చినా సాలు."

"ఇంకా?"

"ఆడోల్లకి మరుగండి. తలుపున్న మరుగు. సీకటడీదాకా కడుపు బిగబట్టుకోనక్కర్లేకుండా."

పక్కన మాటలు రాసే ఆయన పకపకా నవ్వాడు. "ఇంకేం కావాలి?"

"మార్కెట్లో నీడండి. మా నెత్తికి కాదు, సేపల నెత్తికి. ఎండకి ఆటి కల్లు మెత్తబడితే రేటు పడిపోతాది."

"మేడలూ నగలూ వద్దా?"

"అయ్యేటి సేసుకుంతాం బాబూ, ఈ ఉప్పుగాలికి."

డైరెక్టరు తొడ చరిచాడు. "బాగుందయ్యా. ఇవన్నీ పెట్టేద్దాం" అన్నాడు మాటలాయనతో. మనసులో చెడు లేని మనిషే. మంచి సరుకు దొరికిందన్న సంతోషం తప్ప ఆయనలో మరేమీ లేదు. ఆ సాయంత్రం దేముడమ్మ ఇసక మీద నడుస్తున్నట్టు నడవలేదు. తన మాటల్ని చదువుకున్నవాళ్ళు విని, బాగుందని, పెట్టేద్దామని అనడం ఆమె బతుకులో మొదటిసారి.

"మావా, మన కుళాయి మాట సినిమాలో ఎడతారట" అంది మొగుడితో.

దాలయ్య వల బాగుచేసుకుంటున్నాడు. పెళ్ళామంటే అతనికి ఇష్టం, కొంచెం గర్వం కూడా. "ఎడితే ఏటవుద్ది?"

"ఏటవుద్దేటి? సినిమా ఎవులెవులు సూత్తారు? కలెక్టరు సూడడేటి? గవర్నమెంటోల్లు సూడరేటి? మనం ఆపీసు సుట్టూ తిరిగితే ఎవుడింతాడు, సినిమాలో అయితే ఊరూరా ఇంతాది."

ఈ మాట వీధంతా పాకింది. ఆడవాళ్ళు నమ్మారు. సినిమా బొమ్మ పడ్డాక ఆ ఊపు మీద అందరూ బిందెలు పుచ్చుకుని మునిసిపాలిటీ ఆఫీసుకి వెళ్ళాలని, దేముడమ్మే మాట్లాడాలని అనుకున్నారు. అందరికంటే పెద్దది గురువమ్మ. ఆమె కూడా "నాను నడవలేను గానీ నన్ను రిచ్చా ఎక్కించండే" అంది.

సినిమావాళ్ళు కోట విప్పి, పనికొచ్చినవి లారీకెత్తుకుని పోయారు. తలుపు బరువని ఇసకలోనే పారేశారు. దాలయ్య, బావమరిదీ కలిసి దాన్ని మోసుకొచ్చి, గుడిసె వెనకాల రెండు కర్రలు పాతి నిలబెట్టారు. మిగతా మూడు వైపులా తాటాకు కట్టారు. జాలారిపేటలో తలుపున్న మరుగు అదే మొదటిది. ఇరుగూ పొరుగూ వంతులేసుకుని వచ్చారు. పదకొండేళ్ళ చిలకమ్మ, వాళ్ళ ఒక్కగానొక్క కూతురు, తలుపు దగ్గర నిలబడి "రాణీగారు లోపలున్నారు, ఆగండి" అని అందర్నీ ఆపేది. దేముడమ్మకి ఆ రోజుల్లో నిజంగానే చేప వరమిచ్చినట్టుండేది.

తలుపు పీకినప్పుడు కింది అంచున చెక్క చీలి, రెండు మూడు మేకులు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఉప్పుగాలికి వాటికి తుప్పు పట్టింది.

"మావా, ఆ మేకులు కొట్టీయి" అంది దేముడమ్మ.

"రేపు కొడతాలే" అన్నాడు దాలయ్య.

ఆ రేపు వచ్చేలోగా సినిమా వచ్చింది.

గాలి ఎక్కువై తెప్పలు దిగని రోజున పేటంతా పాతవూరి సినిమా హాలుకి కదిలింది. ఆడవాళ్ళు పువ్వులు పెట్టుకున్నారు. తమ ఒడ్డు తెరమీద కనపడగానే ఈలలు. తమ తెప్పలు కనపడగానే ఈలలు. దాలయ్య వల లాగుతూ కన్ను మూసి తెరిచేంత సేపు కనిపించాడు. చిలకమ్మ ఎగిరి గంతేసింది.

తర్వాత పెళ్ళాం వేషం నటి వచ్చింది. పెదవులు చెవుల దాకా సాగదీసి, పళ్ళన్నీ బయటపెట్టి, గడ్డం పైకెత్తి, అదొక మొహం పెట్టేది. ఆ మొహం పెట్టిందంటే ఏదో అడగబోతోందని అర్థం. హాలు ముందే నవ్వడానికి సిద్ధమయ్యేది.

"నాకు కుళాయి కావాలి!"

హాలు పగలబడి నవ్వింది. గుడిసెలో కుళాయి వచ్చింది. అది చాలదు, బంగారు కుళాయి కావాలి. కుళాయి కట్టెయ్యడం తెలియక గుడిసె మునిగిపోయింది. మొగుడు బిందెలో కూర్చుని తేలిపోయాడు. తర్వాత మరుగుదొడ్డి కావాలంది. దానికి నెమళ్ళ తలుపు వచ్చింది. ఆమె నెత్తిన కిరీటంతో చెంబు పుచ్చుకుని లోపలికి వెళ్తుంటే బయట భటులు బూరాలూదారు. తర్వాత చేపల గంప మీద ముత్యాల గొడుగు. ప్రతిసారీ సముద్రంలోంచి చేప నీరసంగా తల ఎత్తి, "ఇంకేం కావాలి రాణీగారూ?" అనేది.

దేముడమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది. కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. అవి తన మాటలని తర్వాత తెలిసింది. ముందు నవ్వు, ఆ తర్వాత తెలివి. మనసులో ఇవి రెండూ వేరువేరు దారుల్లో వస్తాయి, నవ్వు ఎప్పుడూ దగ్గర దారిన వస్తుంది. తెలిసేసరికి నోరు ఇంకా తెరిచే ఉంది. మూసుకుంటే పక్కవాళ్ళకి తెలిసిపోతుందని అలాగే ఉంచింది. పక్కన గురువమ్మ నవ్వడం లేదు. మరో పక్కన చిలకమ్మ తెరని కాక తల్లి మొహాన్ని చూస్తోంది. అమ్మ ఎక్కడ నవ్వుతుందో చూసి అక్కడ తనూ నవ్వుతోంది.

చివర్లో చేప అన్నీ లాగేసుకుని గుడిసె ఇచ్చినప్పుడు, జాలరి "అమ్మయ్య!" అని గంతులేశాడు. పేట మగవాళ్ళందరూ లేచి చప్పట్లు కొట్టారు. చేతులు నొప్పెట్టేలా కొట్టారు. వాళ్ళ చప్పట్లలో దాలయ్యవి కూడా ఉన్నాయి.

మర్నాటినుంచి పేటలో ఒక మాట పుట్టింది. ఎవరి పెళ్ళాం ఏమడిగినా, "ఇంకేటి కావాల రాణీగారూ?" మొదట నవ్వులాటే. నూనె అయిపోయిందంటే ఆ మాట. గుడిసె కురుస్తోందంటే ఆ మాట. ఎవరూ ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. తిడితే తిరిగి తిట్టే ఆడవాళ్ళే వాళ్ళు. నవ్వినవాణ్ణి ఏం చేస్తారు? నవ్వితే తనూ నవ్వాలి. నవ్వకపోతే "దానికి సరసం కూడా తెల్దురా" అంటారు.

అనుకున్న రోజున ఆడవాళ్ళు బిందెలు పుచ్చుకుని బయలుదేరారు. ముందు దేముడమ్మ, రిక్షాలో గురువమ్మ. మలుపు దగ్గర టీ కొట్టు అరుగు మీద కుర్రాళ్ళు కూర్చున్నారు.

"అప్పా, బంగారు కుళాయి అడగడం మరిసిపోకండి!"

"ఒరే, బూరాలూదండ్రా, రాణీగారొచ్చీసినారు!"

గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు. చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ పక్కామె కూడా. అలా నవ్వు ఒకరినుంచి ఒకరికి పాకి, దేముడమ్మ వీపుని తాకింది. తను ఇప్పుడు ఆఫీసరు మొహంలోకి చూసి "కుళాయి కావాలి" అంటే, తన నోటినుంచి ఆ నటి గొంతు వస్తుందనిపించింది. ఆగిపోయింది.

"ఇంకో పాలి ఎల్దాం" అంది.

"ఏటే, ఆగిపోనావు? ఆ కుర్ర గుంటల కూతలకేటి?" అని గురువమ్మ రిక్షాలోంచి అరిచింది. కాని అప్పటికే బిందెలు వెనక్కి తిరిగాయి. వెనక్కి తిరిగేటప్పుడు ఆడవాళ్ళందరూ నవ్వుతూనే ఉన్నారు. చూసినవాళ్ళు ఏ పెళ్ళికో వెళ్ళొస్తున్నారనుకుని ఉంటారు.

దేముడమ్మ మేకుల సంగతి ఇంకొకసారే ఎత్తింది. బావమరిది కూడా ఉన్నాడప్పుడు. దాలయ్య సరదాగా చేతులు జోడించి, "ఇంకేటి కావాల రాణీగారూ?" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

రాయి పుచ్చుకుని తనే వంచేయొచ్చు. రెండు నిమిషాల పని. ఎందుకు వంచలేదని తర్వాత ఆమె తనని తాను వెయ్యిసార్లు అడిగింది. నిజం ఏమిటంటే, అడక్కుండా దాలయ్యే చేస్తాడా లేదా చూడాలనుకుంది. అడగడం మానేసిన మనిషి ఇలాంటి పరీక్షలు పెడుతుంది. పరీక్ష పెట్టినట్టు ఎదుటివాడికి చెప్పదు. రోజూ తలుపు తీసినప్పుడల్లా ఆ మేకుల్ని చూసి, లోపల ఎక్కడో ఒక కక్ష చల్లబడినట్టు ఉండేది. చూడు, నా మాట ఇంకా అక్కడే ఉంది, తుప్పు పడుతోంది, అనుకునేది.

చిలకమ్మ మాత్రం ఆ రోజుల్లో పేటకంతా ముద్దుబిడ్డ. రాణీగారి మొహం ఆ గుంట పెట్టినట్టు ఇంకెవరూ పెట్టలేరు. పెదవులు సాగదీసి, గడ్డం ఎత్తి, పళ్ళు బయటపెడితే అచ్చం ఆ నటే. ఇంటికి ఎవరొచ్చినా దాలయ్య "ఏదే, ఒక పాలి ఎట్టు" అనేవాడు. ఆ పిల్ల పెట్టేది. అందరూ నవ్వేవారు.

ఆ పిల్ల ఇంకొకటి కూడా నేర్చుకుంది, అది ఎవరూ గమనించలేదు. రిబ్బను పాతబడితే అడగలేదు. పలక పగిలితే ముక్క మీదే రాసుకుంది. ఆకలేస్తే వడ్డించేదాకా కూర్చునేది. దేముడమ్మ గురువమ్మతో గొప్పగా చెప్పుకుంది.

"నా గుంట ఏటీ అడగదప్పా. ఎంత ఒద్దికో."

గురువమ్మ చుట్ట ఆర్పింది. "పిల్లంటే ఏడవాల, అడగాల. అడగని పిల్లని సూత్తే నాకు బయమేత్తాదే" అంది. దేముడమ్మకి ఆ మాట నచ్చలేదు.

వానలు మొదలైన రోజుల్లో ఒక పొద్దున్న చిలకమ్మ మరుగులోంచి వస్తూ తలుపు లాగితే కింది అంచు కాలికి కొట్టుకుంది. మేకు మడమలోకి దిగింది. ఆ పిల్ల అరవలేదు. కూర్చుని, కాలు లాక్కుని, ఉప్పునీళ్ళతో కడుక్కుని, పసుపు అద్దుకుంది. కుంటుతుంటే తల్లి అడిగింది.

"ఏటయినాదే?"

"గవ్వ కోసుకున్నాది."

దేముడమ్మ గంప ఎత్తుకుంది. మార్కెట్టు వేళ మించిపోతోంది. కాలు ఎత్తి చూడలేదు.

గాయం మూసుకుంది. అందరూ మరిచిపోయారు. కొన్నాళ్ళకి ఒక ఉదయం దాలయ్య, బావమరిదీ గుమ్మంలో కూర్చుని చద్దన్నం తింటున్నారు. చిలకమ్మ ముందు గిన్నె అలాగే ఉంది. ముద్ద నోటి దాకా తెచ్చి మళ్ళీ దించుతోంది. దాలయ్య తలెత్తి చూశాడు. కూతురు పెదవులు చెవుల దాకా సాగి ఉన్నాయి. పళ్ళు కనిపిస్తున్నాయి. గడ్డం పైకి లేచి ఉంది.

"సూడు బావ, సూడు! పొద్దున్నే రాణీగారి మొకం ఎట్టీసినాది!"

బావమరిది పొలమారేలా నవ్వాడు. "ఏటే, ఏటి కావాల?"

దాలయ్య గొంతు సన్నం చేసి, "ఇంకేటి కావాల రాణీగారూ?" అన్నాడు.

దేముడమ్మ పొయ్యి దగ్గరనుంచి తిరిగి చూసింది. ఆమెకి కూడా నవ్వు రాబోయింది. అంతలో కూతురి కళ్ళు చూసింది. మొహమంతా నవ్వుతోంది, కళ్ళు మాత్రం నవ్వడం లేదు. అవి తల్లినే చూస్తున్నాయి. మొహం చెమటతో తడిసింది. ఆ నవ్వు ఎంతకీ దిగడం లేదు.

"మావా, అది ఆట కాదు" అంది. పొయ్యి వదిలి వచ్చింది. "మావా! అది నవ్వడం లేదు!"

ఆటోలో పెద్దాసుపత్రికి పోతుంటే, దారిలో గతుకు వచ్చినప్పుడల్లా పిల్ల ఒళ్ళు విల్లులా వంగిపోతోంది. ఒళ్ళో ఉన్న పిల్ల మడమ మీద తల్లికి నల్లటి మచ్చ కనిపించింది.

"ఇదేటమ్మా? ఏటి గుచ్చుకున్నాది? నాకెందుకు సెప్పలేదే?"

బిగిసిన పళ్ళ మధ్యనుంచి మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది.

"మేకు... సూదిమందు అడిగితే... నవ్వుతారని."

దాలయ్య ఆటో కడ్డీ పట్టుకుని కూర్చున్నాడు. విన్నాడు. విననట్టు ఉండడానికి అతనికి ఎక్కడా చోటు లేదు.

ధనుర్వాతం అన్నారు. చీకటి గదిలో పడుకోబెట్టారు. చప్పుడు వద్దన్నారు, వెలుతురు వద్దన్నారు, ముట్టుకోవద్దన్నారు. డాక్టరు నడివయసు మనిషి, గట్టిగా మాట్లాడలేదు.

"గుచ్చుకున్న రోజే తీసుకొస్తే ఒక్క ఇంజక్షనుతో పోయేదమ్మా. ఇప్పుడు చెయ్యగలిగినది చేస్తున్నాం. పిల్ల చెప్పలేదా?"

"సెప్పలేదండి."

"ఇంత నొప్పి ఎలా దాచుకుందమ్మా?"

దేముడమ్మ నేలని చూసింది. మా గుంట ఏటీ అడగదండి అన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఎవరికి గొప్పగా చెప్పుకున్న మాట అది!

చిలకమ్మ ఆ వారం దాటలేదు. పోయాక గాని మొహం మామూలుగా కాలేదు. పెదవులు దగ్గరకి వచ్చాక, అది అలిగి పడుకున్న పదకొండేళ్ళ పిల్ల మొహం.

మట్టి చేసి వచ్చిన సాయంత్రం దాలయ్య తల మీది నీళ్ళు ఆరకుండానే గుడిసె వెనక్కి వెళ్ళాడు. కాసేపటికి చప్పుడు మొదలైంది. రాయి పుచ్చుకుని మేకుల్ని కొడుతున్నాడు. పొడుచుకొచ్చినవి అయిపోయాక, చెక్కలో ఉన్నవాటిని కూడా కొడుతున్నాడు. నెమళ్ళ మీద కొడుతున్నాడు. రంగు వెలిసి పొరలు పొరలుగా రాలుతోంది. గురువమ్మ వెళ్ళి చెయ్యి పట్టుకుంటే గాని ఆపలేదు.

గుడిసెలో కూర్చుని దేముడమ్మ ఆ చప్పుడు విన్నది. అడక్కుండానే చేశాడు. తను పెట్టిన పరీక్షలో దాలయ్య నెగ్గాడు. ఆ మాట తోచగానే ఆమెకి తన మనసంటేనే భయం వేసింది. అప్పటినుంచి ఆమె దాలయ్యని ఒక్క మాట అనలేదు. అంటే అతను తేలికపడేవాడేమో. అతనూ ఆమెని ఏమీ అడగలేదు. ఇద్దరూ ఒకే గుడిసెలో, ఒకే గిన్నెలోంచి తింటూ, ఒకరి మొహం ఒకరు చూడకుండా బతకడం నేర్చుకున్నారు.

వానలు వెనకబట్టాక, వీధిలో వాంతులూ విరేచనాలూ ఎక్కువయ్యాయని ఒక ఆఫీసరు వచ్చాడు. కుర్రవాడు, మంచివాడు. ఆడవాళ్ళనే పోగుచేయించాడు.

"మొహమాటపడకండమ్మా. మీకేం కావాలో చెప్పండి. పైకి రాస్తాను."

అందరూ దేముడమ్మ వైపు చూశారు. అలవాటు కొద్దీ చూశారు. ఆఫీసరు కూడా చూశాడు.

"చెప్పమ్మా. ఏం కావాలి?"

ఆ మాట వినేసరికి గుంపు వెనకాల ఏ చిన్నపిల్లో కిసుక్కుమంది. ఆ పిల్లకి ఏమీ తెలియదు. ఆ మాట వింటే నవ్వాలని మాత్రం తెలుసు. దేముడమ్మ నోరు తెరిచింది. కుళాయి అన్న మాట నాలుక మీదికి వచ్చింది. ఆమెకి తన పెదవులు సాగుతున్నట్టు, పళ్ళు బయటపడుతున్నట్టు, గడ్డం లేస్తున్నట్టు అనిపించింది. చటుక్కున చెంగు నోట్లో కుక్కుకుని నేలని చూసింది.

గురువమ్మ కర్ర ఊతంగా లేచింది.

"ఇక్కడెవులూ ఏటీ అడగరు బాబూ" అంది. "మాకు నోర్లుండీవి. అడిగీవోల్లం. అడిగితే ఆసంటారని, ఆసంటే నవ్వుతారని మా గుంటలకి మేమే నేర్పీసినాం. తాగడానికి నీల్లడిగితే ఆసేటి బాబూ? గాయానికి మందడిగితే ఆసేటి? ఆ మాట ఈల్లకి సెప్పడానికి నాకు ఇంత వయసొచ్చీసినాది, అది ఇనాల్సిన గుంట ఎల్లిపోనాది."

ఆఫీసరుకి సగం అర్థమైంది. ఏ గుంట అని అడిగాడు. ఎవరూ చెప్పలేదు. "సరే, మళ్ళీ వస్తాను, ఆలోచించుకుని చెప్పండి" అని జీపెక్కాడు. మళ్ళీ వచ్చేలోగా అతనికి బదిలీ అయిందన్నారు.

ఆ సినిమా ఇప్పటికీ అప్పుడప్పుడు ఏదో హాలుకి వస్తూనే ఉంటుంది. పిల్లల్ని తీసుకెళ్ళదగిన సినిమా అని పేరు. వెళ్ళండి, చూడండి. అందులో చెడ్డవాళ్ళు ఎవరూ లేరు. తీసినవాళ్ళూ చెడ్డవాళ్ళు కారు, నవ్వినవాళ్ళూ కారు. కాని నవ్వు వచ్చినప్పుడు ఒక్కసారి పక్క కుర్చీలోని పిల్ల మొహం చూడండి. ఆ పిల్ల తెరని చూడదు, మిమ్మల్ని చూస్తూ ఉంటుంది. నోరు తెరిచి అడిగిన ఆడదాన్ని చూసి మనం నవ్విన ప్రతిసారీ, మన పక్కనే ఒక ఆడపిల్ల తన నొప్పిని మింగడం నేర్చుకుంటుంది.